భూమి నెఱిగిన బిడ్డలకు పెట్టుబడి విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు తలుపులు మూయక నిలిచియుండుట సామాన్య విషయము కాదు. కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు త్రిప్పి పల్లెపల్లెకు అందించిన పాతూరి నాగభూషణము గారి వంటి త్యాగధనుల కృషి వలన తెలుగు నేలపై ఇట్టి దీపములు వెలిగినవి. ఆ దీపమును ఆరనీయక కాపాడిన ఈ కార్యవర్గము వారికి నా అభినందనములు. వారు నన్ను మాటలాడుమని కోరిన విషయము మాత్రము కొంత క్రొత్తది. "రియల్ ఎస్టేట్ ప్రైవేట్ ఈక్విటీ" అను రంగమున ఉద్యోగము కోరు యువకులు ఎట్లు సిద్ధపడవలెనో చెప్పుమనిరి.

గ్రామ గ్రంథాలయ సభలో ఈ ప్రసంగమేల యని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. మన గ్రామములనుండి ఇంజనీరింగు, బి.కాం., ఎం.బి.ఏ. చదివిన బిడ్డలు ఏటేట నగరములకు పోవుచున్నారు. వారిలో పెక్కుమందికి ఈ ఉద్యోగము పేరైనను తెలియదు. తెలిసిన కొలదిమందికి అందలి జీతము తెలియును గాని, అందలి పని తెలియదు. పేరు తెలియనివారు అవకాశమును పోగొట్టుకొందురు. జీతము మాత్రమే తెలిసినవారు తండ్రి కూడబెట్టిన సొమ్మును పోగొట్టుకొందురు. ఈ రెండు నష్టములను నివారించుటకే నేను నాలుగు మాటలు చెప్పదలచితిని.

మన వాడుకలో రియల్ ఎస్టేట్ అనిన పొలమును చదును చేసి, రాళ్లు పాతి, ప్లాట్లుగ అమ్ముటయే. నేను చెప్పునది అది కాదు. ఇచట ఒక సంస్థ పలువురి ధనమును ఒకచోట చేర్చి నిధిగ నేర్పరచును. ఆ పలువురు చాలవరకు మనవంటి వ్యక్తులు కారు. ఉపాధ్యాయుల, ఉద్యోగుల పింఛను నిధులు, జీవిత బీమా సంస్థలు, విశ్వవిద్యాలయముల మూలధనములు, కొన్ని దేశముల ప్రభుత్వ నిధులు - ఇవి ఆ ధనమునకు మూలములు. కెనడా దేశపు పింఛను నిధియు, సింగపూరు ప్రభుత్వపు జి.ఐ.సి. సంస్థయు మన దేశపు భవనములలో పెట్టుబడి పెట్టినవే. ఈ ధనముతో కార్యాలయ భవనములు, గిడ్డంగులు, దుకాణ సముదాయములు, అద్దె యిండ్లు, హోటళ్లు మున్నగువానిని కొందురు, లేదా కట్టింతురు; బాగుచేసి అద్దెకిత్తురు; కొన్ని వత్సరములకు అమ్మి లాభమును పంచుదురు. ఇట్టి నిధి ఆయుర్దాయము సాధారణముగ 7 మొదలు 10 ఏండ్ల వరకు ఉండును.

నిధిని నడుపువారికి ఏమి లభించునో చెప్పెదను. ఏటేట నిర్వహణ రుసుము, తరచుగ పెట్టుబడిలో నూటికి ఒకటిన్నర మొదలు రెండు వరకు, వారు తీసికొందురు. లాభము పంచు విధానము మాత్రము మన మడులకు కాలువ నీరు పారు విధమునే పోలియుండును. మొదటి మడి ధనమిచ్చినవారి అసలు. అది నిండవలెను. రెండవ మడి వారికి ముందుగ నొప్పుకొనిన ప్రతిఫలము. ఇది ఏటికి 8 శాతముగ నుండుట పరిపాటి. అదియు నిండిన పిదప పొర్లిన నీటిలో 20 శాతము వంటి భాగము నిర్వాహకులకు చెందును. ఆంగ్లమున దీనిని "వాటర్‌ఫాల్", అనగా జలపాతము, అందురు. ఈ రంగపు పరీక్షలలో దీనిని లెక్కగట్టి చూపుమని అడుగుదురు. పట్టణపు విద్యార్థులు దీనిని చూచి కలవరపడుదురట! పై మడి నిండక క్రింది మడికి నీరు పారదని పుట్టుకనుండి చూచిన రైతుబిడ్డకు ఇది బోధపడకపోవుటకు కారణము లేదు.

ఈ వృత్తికి ప్రధాన స్థానములు న్యూయార్కు, లండను, సింగపూరు, మన దేశమున ముంబయి. న్యూయార్కులో 1985లో స్థాపితమైన బ్లాక్‌స్టోన్ సంస్థ నేడు ఇందు అగ్రగణ్యములలో నొకటి. మన దేశమున 2005లో కేంద్ర ప్రభుత్వము నిర్మాణ రంగమున విదేశ పెట్టుబడికి ద్వారము విశాలముగ తెరచినది. 2012లో సెబీ వారు ఇట్టి నిధులకు నియమావళిని చేసిరి. 2014లో "రీట్" అనబడు స్థిరాస్తి ట్రస్టులకు నియమములు వెలువడినవి. ఆ నియమముల ప్రకారము ట్రస్టు ఆస్తిలో కనీసము 80 శాతము పూర్తియై అద్దె వచ్చుచున్న భవనములుగ నుండవలెను. పంచదగిన రాబడిలో కనీసము 90 శాతమును పెట్టుబడిదారులకు పంచవలెను. అట్టివానిలో మొదటిది, ఎంబసీ ఆఫీస్ పార్క్స్, 2019లో స్టాక్ ఎక్స్చేంజికి వచ్చినది. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ ట్రస్టు చేతిలో హైదరాబాదు మాదాపురమందలి భవనములున్నవి. 2023లో వచ్చిన నెక్సస్ సెలెక్ట్ ట్రస్టు చేతిలో కూకట్‌పల్లిలోని దుకాణ సముదాయమున్నది. మన యూరి బిడ్డ మాదాపురమున కంప్యూటరు ముందు కూర్చున్నపుడు ఆ గది అద్దె ఏ దేశపు వృద్ధుని పింఛనుగ మారుచున్నదో ఆతనికే తెలియదు. ఆ దారిని తెలిసికొనుటయే ఈ విద్య.

ఇక లెక్కకు వత్తము. భయపడవలదు, మనకు తెలిసిన కౌలుతోనే మొదలుపెట్టెదను. ఎకరము విలువ 30 లక్షల రూపాయలని, దానిపై ఏటి కౌలు 30 వేలని అనుకొందము. అనగా విలువలో నూటికి ఒకటి. ఆ ధరకు కొనినవాడు కౌలుకై కొనలేదు. ధర పెరుగునను ఆశకై కొనెను. ఇపుడు నగరమున 100 కోట్ల కార్యాలయ భవనము నొకదానిని ఊహింపుడు. అద్దెనుండి పన్ను, బీమా, మరమ్మతులు, కావలి మొదలగు ఖర్చులు పోగా ఏటికి 8 కోట్లు మిగులుననుకొందము. ఇది నూటికి 8. ఈ నిష్పత్తిని "క్యాప్ రేటు" అందురు. కౌలు నిష్పత్తి తెలిసినవానికి క్యాప్ రేటు తెలిసినట్లే.

ఆ భవనమును కొనుటకు 50 కోట్లు సొంతము, 50 కోట్లు నూటికి 9 వడ్డీకి అప్పు అనుకొందము. వడ్డీ 4 కోట్ల 50 లక్షలు. మిగులునది 3 కోట్ల 50 లక్షలు. అనగా సొంత సొమ్ముపై నూటికి 7 మాత్రమే. అప్పు తేకుండిన 8 వచ్చెడిది. ఆస్తి ఇచ్చు దానికంటె అప్పు వడ్డీ అధికమైనపుడు అప్పు భాగ్యమును పెంచదు, తగ్గించును. మన తాతలు ఈ మాట నెన్నడో చెప్పిరి. నేటి విద్యార్థులు దీనిని పరీక్షలో వ్రాయుచున్నారు.

అయినను తెలిసినవారు అట్లేల కొందురు? అద్దె పెరుగునని. మన దేశమున కార్యాలయపు ఒప్పందములలో మూడేండ్లకొకమారు 15 శాతము అద్దె పెంచు షరతు తరచుగ కనబడును. మూడేండ్లు గడచిన పిదప 8 కోట్లు 9 కోట్ల 20 లక్షలగును. అపుడును కొనువారు నూటికి 8 చాలునన్నచో ధర 115 కోట్లు. అప్పు తీర్చగా 65 కోట్లు, నడుమ చేతికి వచ్చినది పదిన్నర కోట్లు, వెరసి 75 కోట్ల 50 లక్షలు. 50 కోట్లకు ఇది ఏటికి 15, 16 శాతముల నడుమ ఫలము. కాని ఆనాటికి కొనువారు నూటికి 10 కావలెనన్నచో? అదే భవనము, అదే అద్దె. ధర 92 కోట్లు. అప్పు తీర్చగా 42 కోట్లు, నడుమ వచ్చిన పదిన్నర కోట్లతో 52 కోట్ల 50 లక్షలు. మూడేండ్ల శ్రమకు రెండున్నర కోట్లు! గోడలు మారలేదు, కిరాయిదారు మారలేదు. మారినది కొనువాని మనసు. దీనిని ముందుగ లెక్కించి, "ఇట్లయిన నేమి, అట్లయిన నేమి" అని పట్టిక వేసి చూపగలవాడే ఈ యుద్యోగమునకు అర్హుడు.

లెక్కకు ప్రాణము పోయుటకు రెండు నిజమైన ఉదాహరణములు చెప్పెదను. 2007లో బ్లాక్‌స్టోన్ సంస్థ హిల్టన్ హోటళ్లను సుమారు 2,600 కోట్ల డాలర్లకు కొనినది. అందు నాలుగింట మూడు వంతులకు పైగా అప్పు. మరుసటి యేడే ప్రపంచమున ఆర్థిక సంక్షోభము వచ్చి హోటళ్లు ఖాళీ అయినవి. కొనినవారు తొందరపడి అమ్ముకొనలేదు. 2010లో ఋణదాతలతో మాటలాడి అప్పును తగ్గించుకొని, గడువు పెంచుకొని, మరికొంత సొమ్ము పెట్టి, వ్యాపారమును విస్తరింపజేసిరి. 2013లో వాటాలను మార్కెట్టునకు తెచ్చి, 2018 నాటికి పూర్తిగ వైదొలగిరి. లాభము సుమారు 1,400 కోట్ల డాలర్లు.

రెండవది దీనికి వ్యతిరేకము. 2006లో న్యూయార్కు నగరమున స్టైవెసెంట్ టౌన్, పీటర్ కూపర్ విలేజ్ అను 11 వేలకు పైబడిన వాటాల గృహసముదాయమును టిష్‌మన్ స్పయర్, బ్లాక్‌రాక్ అను సంస్థలు 540 కోట్ల డాలర్లకు కొనినవి. అచట మధ్యతరగతి కుటుంబములు చట్టముచే నియంత్రింపబడిన తక్కువ అద్దెకు నివసించుచుండెను. ఆ యిండ్లను నియంత్రణనుండి తప్పించి అద్దెలు పెంచవచ్చునని కొనినవారి కాగితపు లెక్క. అద్దెలు అనుకొనినంత వేగముగ పెరుగలేదు. 2009లో అద్దెదారుల పక్షమున న్యూయార్కు ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2010 జనవరిలో కొనినవారు ఆస్తిని ఋణదాతలకు విడిచిపెట్టిరి. ఆ కొనుగోలులో భాగమున్న కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధి పెట్టిన 50 కోట్ల డాలర్లు నీటిపాలయ్యెను.

సోదరులారా! ఈ రెండు కథలును అప్పుతోనే మొదలైనవి. ఒకచోట వేచియుండుటకు ఓపికయు, ఋణదాతలతో ఒడంబడికయు, వ్యాపారమును పెంచు ఉపాయమును ఉన్నవి. రెండవచోట ఇతరుల గృహములపై వేసిన ఆశయే ఆధారమైనది. పట్టికలో "అద్దె పెరుగును" అని వ్రాయు ఒక్క గడి వెనుక ఎన్ని కుటుంబముల పొయ్యిలున్నవో, ఎందరు ముసలివారి పింఛనులున్నవో ఎఱిగి వ్రాయవలెను. సిద్ధపడుట యనిన సూత్రములు వల్లించుట మాత్రమే కాదని చెప్పుటకే ఇంత వివరించితిని.

ఇక ఈ యుద్యోగమున చేరినవారు దినదినము చేయు పని యేమి? మొదట అమ్మకమునకు వచ్చిన ఆస్తులను వెదకుదురు. పిదప నేను చూపినట్టి లెక్క వేయుదురు. లెక్క కుదిరినచో ఆస్తి హక్కును పరీక్షింతురు. సాధారణముగ 30 ఏండ్ల వెనుకటి పత్రములు, భార ధ్రువపత్రము, సరిహద్దులు, వారసుల తగాదాలు, నిర్మాణ అనుమతులు, పన్ను రసీదులు - అన్నియు చూడవలెను. తరువాత అప్పు, ఒప్పందము, కొనుగోలు. కొనిన పిదప కిరాయిదారులను తెచ్చుట, మరమ్మతులు, ఖర్చు తగ్గించుట. తుదకు అమ్మకము. పనిగంటలు మిక్కుటము, ఒప్పందము దగ్గరపడినపుడు రాత్రి పగలు తేడా యుండదు. ఈ వరుసలో హక్కు పరీక్ష యను మెట్టును మరల గమనింపుడు. పహాణి, అడంగలు, ఈ.సి. అను మాటలు వినుచు పెరిగినవాడు, గట్టు తగాదా ఎట్లు పుట్టునో కన్నులార చూచినవాడు, ఈ మెట్టున నగరవాసికి తీసిపోడు.

ఈ ఉద్యోగమునకు పట్టా చేతబట్టుకొని నేరుగ పోవువారు మిక్కిలి తక్కువ. పెట్టుబడి సంస్థలో పనిచేయు బృందములు చిన్నవి, ఖాళీలు కొలదివి. కావున చాలమంది మరియొక ఇంటినుండి ఇచటికి వత్తురు. అమెరికాలో ముందుగ పెట్టుబడి బ్యాంకులలోని స్థిరాస్తి విభాగములందు రెండేండ్లు పనిచేసినవారిని తీసికొనుట ఆచారము. పెద్ద సంస్థలు వారు ఆ బ్యాంకులలో చేరిన కొలది నెలలకే మధ్యవర్తి సంస్థల ద్వారమున ఎంపిక మొదలుపెట్టును. మన దేశమున సి.బి.ఆర్.ఈ., జె.ఎల్.ఎల్., కుష్‌మన్ అండ్ వేక్‌ఫీల్డ్ వంటి స్థిరాస్తి సలహా సంస్థలు, ఆస్తుల విలువ కట్టు సంస్థలు, గృహనిర్మాణమునకు అప్పులిచ్చు సంస్థలు, పెద్ద నిర్మాణ సంస్థల ఆర్థిక విభాగములు - ఇవి మంచి మెట్లు. కావున మొదటి యుద్యోగము చిన్నదని చింతింపవలదు. అందు నిజమైన ఆస్తిని చూచి, నిజమైన ఒప్పందమును చదివి, నిజమైన లెక్కను వేయు అవకాశమున్నదా అని మాత్రమే చూడవలెను.

చదువు విషయము. చార్టర్డు అకౌంటెన్సీ చదివినవారికి, మంచి విద్యాలయమున ఎం.బి.ఏ. చదివినవారికి, సివిలు ఇంజనీరింగు చదివి ఆర్థిక విషయములు నేర్చినవారికి తలుపులు తెరచుకొనును. హైదరాబాదులో 2001లో ఆరంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, విశాఖపట్టణమున 2015లో నెలకొనిన ఐ.ఐ.ఎం. మనకు చేరువలోనివే. మూడు దశలుగ జరుగు సి.ఎఫ్.ఏ. పరీక్ష ఇంటనుండి చదువుకొనదగినది. ఆస్తి విలువ కట్టు విద్యకు 1868లో లండనున స్థాపితమైన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ వారి సభ్యత్వము ప్రపంచమంతట మన్నింపబడును. ఇవి అన్నియు కావలెనని కాదు. ఒక్కటి చక్కగ పూర్తిచేసినవాడు మూడు మొదలిడి విడిచినవానికంటె మేలు.

డిగ్రీ చదువుచున్న విద్యార్థికి ఒక సంవత్సరపు క్రమమును సూచించెదను. మొదటి మూడు నెలలు జమాఖర్చుల విద్యయు, చక్రవడ్డీ గణితమును దృఢపరచుకొనవలెను. నేటి రూపాయికి, ఐదేండ్ల తరువాతి రూపాయికి భేదమేమో చేతి లెక్కతో చూపగలిగిన పిదపనే యంత్రమును ముట్టవలెను. తరువాతి మూడు నెలలు ఎక్సెల్ పట్టికలో ఒక భవనపు అద్దె, ఖాళీ, ఖర్చు, అప్పు, అమ్మకము, జలపాతము వరుసగ వ్రాయ నభ్యసింపవలెను; ఎవరి పట్టికనో దించుకొనక, తెల్లని పుటనుండి తానే వ్రాయవలెను. విదేశ సంస్థలు వాడు "ఆర్గస్" అను సాధనమును తరువాత నేర్చుకొనవచ్చును. మూడవ త్రైమాసికమున చట్టము: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము, 2016 నాటి రెరా చట్టము. కడపటి మూడు నెలలు నిజమైన సంస్థల నివేదికలు చదువుట. రీట్ సంస్థలు మూడు నెలలకొకమారు తమ అద్దె యెంత, ఎంత స్థలము నిండినది, ఒప్పందములు ఎన్నేండ్లు మిగిలినవి అను వివరములను బహిరంగముగ ప్రకటించును. ఇవి ఉచితముగ లభించును. వేల రూపాయల శిక్షణలో దొరకని జ్ఞానము ఈ నివేదికలలో ఉన్నది.

ఆంగ్లమును గూర్చి ఒక మాట. మన బిడ్డలు దీనికి జంకుదురు. అందమైన ఆంగ్లము అక్కరలేదు. తేటయైన ఆంగ్లము చాలును. ఒక నివేదికను చదివి దాని సారమును పది వాక్యములలో ముందు తెలుగున వ్రాసి, పిదప ఆంగ్లమున వ్రాయుట అలవరచుకొనినచో ఒక యేడాదిలో భయము పోవును. తెలుగున స్పష్టముగ చెప్పలేనివాడు ఆంగ్లమునను చెప్పలేడు.

పరీక్ష జరుగు విధము. మొదట ఒక్క పుట పరిచయ పత్రము. అందు చేయనిది చేసినట్లు వ్రాయరాదు. ఒక్కొక్క పంక్తిని పట్టుకొని ప్రశ్నింతురు. తరువాత రెండు మూడు గంటల లెక్క పరీక్ష: భవనపు వివరములిచ్చి పట్టిక కట్టి కొనవచ్చునో కూడదో చెప్పుమందురు. అంకె తప్పకుండుట ఎంత ముఖ్యమో, తుదకు "కొనవచ్చును" లేక "కొనరాదు" అని నిర్ణయము చెప్పి కారణము చూపుటయు అంతే ముఖ్యము. ఇటు నటు కాని జవాబు ఇచట చెల్లదు. పిదప ముఖాముఖి ప్రశ్నలు. "ఈ రంగమునే యేల కోరితివి?", "నీవు చూచిన ఆస్తి నొకదానిని వర్ణింపుము", "వడ్డీలు పెరిగినచో భవనముల ధర ఏమగును?" - ఇట్టివి. రెండవ ప్రశ్నకు న్యూయార్కు భవనమును వర్ణింప బనిలేదు. గుంటూరు మిర్చి శీతల గిడ్డంగి నొకదానిని తీసికొని, బస్తాకు అద్దె యెంత, ఏ నెలలలో నిండును, ఏ నెలలలో ఖాళీ, విద్యుత్తు ఖర్చెంత, పంట తగ్గిన యేడు గతియేమి అని చెప్పినవాని మాటను ఏ పరీక్షాధికారియు ఆసక్తితో వినక మానడు. చూచి చెప్పినమాటకు చదివి చెప్పినమాట సాటిరాదు.

పరిచయములు లేవని మన బిడ్డలు నిరాశపడుదురు. ఆ రంగమున పనిచేయువారికి మర్యాదగ, క్లుప్తముగ ఉత్తరము వ్రాయవచ్చును. ఉద్యోగమిప్పింపుమని అడుగక, "మీ సంస్థ ప్రకటించిన నివేదికలో ఈ యంశము నాకు బోధపడలేదు, తెలుపగలరా" అని అడుగవలెను. ఇరువదిమందికి వ్రాసిన ఇద్దరు బదులిచ్చిరేని అది జయమే. బదులిచ్చినవారికి కృతజ్ఞత తెలుపుట మరువరాదు.

తల్లిదండ్రులకు మూడు హెచ్చరికలు. మొదటిది: ఉద్యోగమిచ్చెదమని ముందుగ సొమ్మడుగువాడు ఉద్యోగమిచ్చువాడు కాడు. ఏ గౌరవనీయమైన పెట్టుబడి సంస్థయు అభ్యర్థినుండి రుసుము పుచ్చుకొనదు. రెండవది: ఈ యొక్క ఉద్యోగమునే నమ్మి పొలము తాకట్టుపెట్టి విదేశ విద్యకు పంపరాదు. ఇది ఋతువులు గల వృత్తి. 2008లో కొలువులు పోయినవి, 2018లో ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సంస్థ అప్పులు చెల్లింపలేకపోగా మన దేశమున నిర్మాణ సంస్థలకు అప్పు పుట్టుట కష్టమైనది; 2020లో మహమ్మారిచే కార్యాలయములు మూతపడినవి; 2022 నుండి అమెరికాలో వడ్డీలు పెరుగగా కొనుగోళ్లు మందగించినవి. విత్తనమునకు అదను తప్పినచో రైతు ఏమి చేయునో ఎఱిగినవారు మీరు. చేతిలో మరియొక పంట ఉండవలెను. గణకుడుగనో, విలువ కట్టువాడుగనో, బ్యాంకు ఉద్యోగిగనో నిలువగల విద్య ముందుండినచో ఈ ప్రయత్నము విఫలమైనను బ్రతుకు విఫలము కాదు. మూడవది: రెరా చట్టము ప్రకారము నమోదు కావలసిన నిర్మాణమును నమోదు కాకమునుపు అమ్మరాదు. మీ బిడ్డకు ఈ చట్టము తెలిసినచో ఉద్యోగము రాకపోయినను "ప్రీ లాంచి" యను ఆశజూపి వచ్చినవారినుండి మీ సొమ్ము దక్కును.

కుమార్తెల విషయమును మరువరాదు. ఈ పనికి కావలసినవి లెక్కయు, ఓపికయు, పత్రమును పట్టిపట్టి చదువు గుణమును. ఇంటి జమాఖర్చులను పైసా తప్పక నడుపు తల్లుల బిడ్డలకు ఇవి క్రొత్త కావు. అన్నకు ఇచ్చిన పుస్తకమును చెల్లెలికిని ఇండు.

చివరగ ఈ గ్రంథాలయము చేయగల సేవను చెప్పి ముగించెదను. ఒక బల్లయు, ఒక కంప్యూటరును, ఒక ఆంగ్ల వ్యాపార దినపత్రికయు ఈ విద్యకై కేటాయింపుడు. వారమునకొక సాయంకాలము ఐదారుగురు విద్యార్థులు కూడి మండల కేంద్రములోని ఒక గిడ్డంగినో, కల్యాణ మండపమునో, బియ్యపు మిల్లునో తీసికొని, అద్దె యెంత, ఖర్చెంత, ఎంతకు కొనవచ్చును అని లెక్క వేయవలెను. ఒకడు కొనుమని, ఒకడు వలదని వాదింపవలెను. ఆస్తులను ఎఱిగిన పెద్దలు ప్రక్కన కూర్చుండి వారి లెక్కలో లోకము తెలియనిచోట దిద్దవలెను. ఇట్లొక యేడాది జరిగినచో ఏబదిరెండు ఆస్తుల లెక్క ఈ బీరువాలో పుస్తకమై నిలుచును. దానిని చదివి తరువాతి తరమువారు ముందుకు పోవుదురు.

భూమిని నమ్ముకొని బ్రతికిన ఊరు మనది. ఆ భూమిపై లేచు భవనములకు దూరదేశములందు ధర కట్టుచున్న ఈ కాలమున, ఆ లెక్కను మనవారును నేర్చుకొనవలెను. నేర్చుకొనినవారు ధనమిచ్చినవానికిని, నేల యిచ్చినవానికిని, ఆ గోడల నడుమ బ్రతుకువానికిని అన్యాయము చేయక లెక్క వ్రాయుదురు గాక!